తవుడు లెక్క కొల్లేరు దాకా

తాడేపల్లిగూడెం రైస్ మిల్లులో క్వింటాలు ధాన్యం ఆడిస్తే దాదాపు 20 కిలోల ఊక విడిపోతుంది. బియ్యానికి పాలిష్ పట్టేటప్పుడు రాలే తవుడు మరో ఐదు నుంచి ఎనిమిది కిలోలు. ఈ రెండింటినీ చెత్త అనే మిల్లరు గోదావరి జిల్లాల్లో ఎక్కడా దొరకడు. ఊక బాయిలర్‌కో ఇటుక బట్టీకో పోతుంది. తవుడు నూనె ఫ్యాక్టరీకి పోతుంది. నూనె తీసేశాక మిగిలే పొడి తవుడు లారీలెక్కి కైకలూరు, ఆకివీడు, భీమవరం దారి పడుతుంది. అక్కడి చేపల చెరువుల్లో వరసగా పాతిన వెదురు కర్రలు, వాటికి వేలాడే చిల్లుల సంచులు కనిపిస్తాయి. ఆ సంచుల్లో ఉండేది ఈ తవుడే. శీలావతి, బొచ్చె చేపలు ఆ చిల్లుల దగ్గర మూతులు పెట్టి మేస్తాయి.

ఈ గొలుసును ఎవరూ పథకం వేసి తయారు చేయలేదు. ఒకడికి వదిలించుకోవలసిన సరుకు, ఇంకొకడికి కొనుక్కోవలసిన సరుకు అయింది. రవాణా గిట్టుబాటైంది. అంతే.

ప్రపంచంలో ఈ పద్ధతికి పేరు తెచ్చింది డెన్మార్క్‌లోని కలుండ్‌బోర్గ్ అనే చిన్న రేవు పట్టణం. అక్కడి కథ నీటి కొరతతో మొదలైంది. భూగర్భజలం చాలదని 1961లో అక్కడి చమురు శుద్ధి కర్మాగారం టిస్సో అనే సరస్సు నుంచి పైపు వేయించుకుంది. 1972లో ఆ కర్మాగారం వృథాగా మండించే గ్యాసును పక్కనున్న జిప్రాక్ అనే ప్లాస్టర్ బోర్డుల కంపెనీ తీసుకుంది. తరవాత ఆస్నెస్ బొగ్గు విద్యుత్ కేంద్రం నుంచి ఆవిరి మందుల కంపెనీకి, వేడినీరు ఊళ్లోని ఇళ్లకు వెళ్లాయి. చిమ్నీ పొగను కడిగితే వచ్చే జిప్సం ప్లాస్టర్ బోర్డుల్లోకి వెళ్లింది. కొన్నాళ్లు ఆ వేడినీటితో చేపలు కూడా పెంచారు. ఈ పైపులన్నీ విడివిడి బేరాలు. వీటన్నిటినీ కలిపి ఒక వ్యవస్థగా చూడాలన్న ఆలోచన 1980ల చివర్లో గానీ రాలేదు. అప్పటినుంచి దేశదేశాల ప్రభుత్వాలు, అనుకోకుండా కుదిరిన ఆ ఏర్పాటును అనుకుని కట్టాలని చూస్తున్నాయి. అలా కట్టేదానికి ఎకో ఇండస్ట్రియల్ పార్కు అని పేరు. ఒక పరిశ్రమ వదిలింది మరో పరిశ్రమ వాడుకునేలా, నీరు, ఆవిరి, శుద్ధి ప్లాంటు అందరికీ ఉమ్మడిగా ఉండేలా వేసే పారిశ్రామికవాడ అది. ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ, ప్రపంచ బ్యాంకు, జర్మనీ సహకార సంస్థ జీఐజడ్ కలిసి 2017లో దానికొక ప్రమాణాల చట్రం కూడా ప్రకటించాయి. పార్కు నిర్వహణ, పర్యావరణం, సామాజిక అంశాలు, ఆర్థికం అనే నాలుగు తలాల్లో మార్కులు వేస్తారు.

మన దగ్గర ఈ బుద్ధికి చరిత్ర లేకపోలేదు. తణుకులో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో మొదలుపెట్టిన ఆంధ్రా షుగర్స్ చెరకు దగ్గర ఆగలేదు. పిప్పి బాయిలర్‌కు, మొలాసిస్ ఆల్కహాల్‌కు, ఆల్కహాల్ రసాయనాలకు, అక్కణ్నుంచి ఆస్పిరిన్‌కు దారితీశాయి. ఇస్రో రాకెట్ల ద్రవ ఇంధనం తయారీ దాకా ఆ సంస్థ వెళ్లింది. తాడేపల్లిగూడెంలో 1960 నుంచి ఉన్న త్రీఎఫ్ సంస్థ పూర్తి పేరులోనే ఆహారం, కొవ్వులు, ఎరువులు మూడూ ఉన్నాయి. ఏలూరుకు ఉత్తరాన పెదవేగిలో పామాయిల్ ఫ్యాక్టరీ గెలల పీచు, టెంక చిప్పలు కాల్చి తన ఆవిరి తానే చేసుకుంటుంది. నూనె తీసిన తరవాత మిగిలే ఖాళీ గెలలు తిరిగి తోటల్లో మొక్కల పాదులకు చేరతాయి. కొత్తది అనుకునే ఆలోచన ఇక్కడ పాత అలవాటే.

అలాంటప్పుడు ఈ ప్రాంతంలో ఒక ఎకో పార్కు పెడితే మంచే కదా అనిపిస్తుంది. వట్లూరు దగ్గర నిలబడి చూస్తే ఆ ప్రశ్న అంత తేలిగ్గా ఉండదు.

ఏలూరును ఆనుకుని, పెదపాడు మండలంలో, విజయవాడ రైలు మార్గం మీద ఉన్న ఊరు వట్లూరు. సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కళాశాల ఉన్నది ఇక్కడే. ఉత్తరాన చింతలపూడి దాకా మెట్ట: పామాయిల్, కొబ్బరి, మొక్కజొన్న. దక్షిణాన కొంచెం దూరం పోతే పల్లం: వరి, ఆపైన చేపల చెరువులు, ఆపైన కొల్లేరు సరస్సు. జాతీయ రహదారి, రైలు పట్టాలు ఈ రెంటి నడుమ గీతలా పోతాయి. పరిశ్రమలు వచ్చేది సహజంగా ఈ గీత వెంబడే. పశ్చిమాన హనుమాన్ జంక్షన్ దాటి బాపులపాడు మండలం మల్లవల్లిలో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ వెయ్యి ఎకరాలకు పైగా పారిశ్రామికవాడ వేసింది. అందులో మెగా ఫుడ్ పార్కు ఉంది. 2025 మార్చిలో అశోక్ లేలాండ్ బస్సుల కర్మాగారం కూడా అక్కడ మొదలైంది. తూర్పున తాడేపల్లిగూడెం దాకా మిల్లులు, నూనె ఫ్యాక్టరీలు, గోదాములు.

నీళ్లు మాత్రం రోడ్డు వెంట పోవు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వీటితోపాటు పదుల సంఖ్యలో డ్రెయిన్లు ఆ గీతను అడ్డంగా దాటి కొల్లేరులో పడతాయి. సరస్సు నుంచి సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరే. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి విజయవాడ మునిగినప్పుడు ఆ నీరు చివరికి చేరిందీ కొల్లేరుకే. అప్పుడు లంక గ్రామాల రోడ్ల మీద పడవలు తిరిగాయి. రహదారి పక్కన ఎవరు ఏం వదిలినా దాని చిరునామా ముందే రాసి ఉందన్నమాట.

ఆ చిరునామాకు చట్టంలో గట్టి హోదా ఉంది. 1999లో అయిదో కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తును చూపే గీత) వరకూ 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో సుప్రీంకోర్టు పర్యవేక్షణలో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు పొక్లెయిన్లతో తెగ్గొట్టారు. 2008లో సరిహద్దును మూడో కాంటూరుకు కుదించాలని రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసింది. ఆ తరవాత జాతీయ వన్యప్రాణి బోర్డు వేసిన అజీజ్ కమిటీ 2011లో అయిదే ఉండాలంది. ఆ వాదన నేటికీ చల్లారలేదు. గట్లు కొట్టిన చోట మళ్లీ గట్లు లేచాయి. ఆటపాకలో గూడబాతులు ఇప్పటికీ గూళ్లు కడుతున్నాయి. రెండూ నిజమే.

పరిశ్రమ మీద నమ్మకం ఎలా చెడుతుందో చూడాలంటే భీమవరం పక్కనున్న తుందుర్రు వెళ్లాలి. కేంద్ర ఆహారశుద్ధి శాఖ మెగా ఫుడ్ పార్కుల పథకం కింద అక్కడ గోదావరి మెగా ఆక్వా ఫుడ్ పార్కు తలపెట్టారు. రొయ్యలు, చేపలు శుద్ధి చేసి ఎగుమతి చేసే పార్కు. తుందుర్రు, జొన్నలగరువు, కంసాలబేతపూడి జనం ఎదురుతిరిగారు. వాళ్ల భయం గొంతేరు డ్రెయిన్ గురించి. ఆ నీటితో పొలాలు తడుస్తాయి, ఆ నీటిలోనే కొందరి వేట. 2016లో ఊళ్లలో 144వ సెక్షన్, అరెస్టులు, నిరసనలు. వ్యర్థజలం గొంతేరులో కలవదనీ, సముద్రం దాకా పైపులైను వేస్తామనీ ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది. ఈలోగా 2017 మార్చి 30న మొగల్తూరు మండలంలోని మరో ఆక్వా ప్లాంటులో వ్యర్థాల ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన ఐదుగురు కార్మికులు విషవాయువుకు బలైపోయారు. భయపడినవాళ్ల మాటకు ఆ రోజు బలం వచ్చింది. 2018లో తుందుర్రు పార్కు ప్రారంభమైంది.

ఆ గొడవలో రెండు పక్షాలకూ ఆధారాలున్నాయి. కంపెనీ వైపు పర్యావరణ అనుమతులు, శుద్ధి ప్లాంటు నమూనాలు. ఊళ్ల వైపు డ్రెయిన్‌ను నలభై ఏళ్లుగా చూసిన కళ్లు. ఆ కళ్లు చూసినదాన్ని రాసుకునే గడి ఏ అనుమతి ఫారంలోనూ లేదు. నీటిలో ఆక్సిజన్ ఎంత, లవణాలు ఎంత అని అడిగే గడులున్నాయి. గొంతేరు రంగు మారితే ఫలానా చేప ముందు మాయమవుతుంది, ఆ చేప పోతే ఫలానా కుటుంబాలు చెరువు లీజుకిస్తాయి అనే వరసకు గడి లేదు. ఆ వరసే అసలు ప్రభావం.

ఈ లోటు పూడ్చడానికి పనికొచ్చే సాధనం ఒకటుంది. దాని పేరు ఫజీ కాగ్నిటివ్ మ్యాప్. పేరు బరువుగా ఉన్నా చేసే పని సాదా. ఒక కాగితం మీద విషయాలు వృత్తాలుగా గీస్తారు. ఏది పెరిగితే ఏది పెరుగుతుంది, ఏది పెరిగితే ఏది తగ్గుతుంది అని బాణాలు గీస్తారు. ప్రతి బాణం మీదా మైనస్ ఒకటికీ ప్లస్ ఒకటికీ మధ్య ఒక అంకె వేస్తారు. ‘చాలా పెంచుతుంది’ అంటే 0.8 కావచ్చు. ‘కాస్త తగ్గిస్తుంది’ అంటే మైనస్ 0.3 కావచ్చు. ఆ అంకెలన్నీ ఒక పట్టికలో పెట్టి గుణిస్తూ పోతే, ఒక చోట కదిపితే మిగతాచోట్ల ఏమవుతుందో తేలుతుంది.

దీని వెనక మూడు తరాల ఆలోచన ఉంది. ఎలుకలు చిక్కుదారుల్లో తిరిగేటప్పుడు తలలో ఒక పటం గీసుకుంటాయని మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ టోల్మన్ 1948లో రాశాడు. రాజకీయ నాయకుల ప్రసంగాల్లోని కారణాలను, ఫలితాలను బాణాలుగా గీసి వాళ్లు ఎలా నిర్ణయిస్తారో చూపే పని 1976లో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ చేశాడు. అతని బాణాలకు ప్లస్, మైనస్ గుర్తులే తప్ప బలం లేదు. ఆ బలాన్ని ఇచ్చింది బార్ట్ కాస్కో, 1986లో. అందుకు కాస్కో, బాకూలో పుట్టి బర్కిలీలో పనిచేసిన లోట్ఫీ జాదే 1965లో ప్రతిపాదించిన ఫజీ గణితాన్ని వాడుకున్నాడు. అవును, కాదు అనే రెండు మాటల మధ్య ‘కొంచెం’, ‘బాగా’, ‘దాదాపు’ లాంటి మాటలకు అంకెల స్థానం ఇచ్చే గణితం అది. మన దేశంలో ఐఐటీ మద్రాసు గణిత ఆచార్యురాలు డబ్ల్యూ.బి. వసంత కందసామి ఈ పటాలను సామాజిక సమస్యలకు విస్తారంగా వాడారు. తమిళనాడులో వలస కూలీల మధ్య హెచ్ఐవీ సమస్య అందులో ఒకటి. గత కొన్నేళ్లుగా ఎకో పార్కుల ప్రభావాన్ని అంచనా వేయడానికీ పరిశోధకులు ఈ పద్ధతినే పట్టుకుంటున్నారు. కారణం ఊహించవచ్చు. పార్కు ఇంకా కట్టలేదు కాబట్టి కొలవడానికి ఏమీ ఉండదు, తెలిసినవాళ్లు మాత్రం చాలామంది ఉంటారు.

వట్లూరు దగ్గర ఒక పార్కు వచ్చిందనుకుని లెక్క వేసి చూద్దాం. కింది అంకెలు కొలతలు కావు, లెక్క నడిచే తీరు చూపడానికి వేసుకున్నవి. పార్కులో మిల్లులు, నూనె ఫ్యాక్టరీ, మేత తయారీ, రొయ్యల శుద్ధి ఒకేచోట ఉన్నాయి. ఉమ్మడి శుద్ధి ప్లాంటు ఉంది. రొయ్య బరువులో సగానికి కాస్త తక్కువ తల, పెంకుగా పోతుంది. ఇప్పుడు అది డ్రెయిన్‌లో పడకుండా మేతలోకో కైటిన్ అనే పదార్థం తయారీకో వెళ్తుంది. కాబట్టి ‘పార్కులో ఇచ్చిపుచ్చుకోవడం’ నుంచి ‘డ్రెయిన్ నీటి మురికి’కి మైనస్ 0.5 బాణం. ఇంతవరకే గీస్తే పటం ముగిసింది, పార్కు బాగుంది, రిబ్బన్ కత్తిరించవచ్చు.

ఇక్కడే ఒక చేపల రైతును కూర్చోబెడితే ఆయన మరో బాణం గీస్తాడు. పక్కనే మేత తయారైతే రవాణా ఖర్చు తగ్గి మేత చవకవుతుంది: ప్లస్ 0.6. మేత చవకైతే చెరువు గిట్టుబాటవుతుంది, పక్కవాడు కూడా వరి మానేసి గట్టు వేస్తాడు: ప్లస్ 0.7. చెరువులు పెరిగితే పట్టుబడి అయ్యాక వదిలే నీరు, మిగిలిన మేత, ఎరువు అన్నీ అదే డ్రెయిన్‌లోకి: ప్లస్ 0.8. ఈ మూడూ గుణిస్తే 0.336. పార్కు నేరుగా తగ్గించిన 0.5లో ఇది పోను మిగిలే తగ్గుదల 0.164. మురికి తగ్గింది నిజమే, అనుకున్నదానిలో మూడో వంతు మాత్రమే తగ్గింది.

ఇప్పుడు సరస్సును పటంలోకి తేవాలి. మురికి పెరిగితే సరస్సు ఆరోగ్యం చెడుతుంది: మైనస్ 0.7. చెరువులు పెరిగితే సరస్సు జాగా, నీటి దారి కుంచించుకుపోతాయి: మైనస్ 0.6. మురికి కాస్త తగ్గినందుకు సరస్సుకు వచ్చే లాభం 0.115. చెరువులు 0.42 మేర పెరిగినందుకు వచ్చే నష్టం 0.252. మొత్తంమీద సరస్సు ఆరోగ్యం మైనస్ 0.137.

అంటే డ్రెయిన్‌లో నమూనా తీసి పరీక్షించే అధికారి నీరు మెరుగైందని రాస్తాడు, నిజమే రాస్తాడు. సరస్సు మాత్రం వెనక్కే పోతుంది.

పార్కును తప్పుపట్టడానికి ఇది చాలదు. పటంలో ఒకే ఒక అంకె మార్చి చూడండి. కాంటూరు హద్దు గట్టిగా అమలై, మేత ఎంత చవకైనా కొత్త గట్టు లేవడం కష్టమైందనుకుందాం. మేత నుంచి చెరువులకు పోయే 0.7 బాణం 0.2కు పడిపోతుంది. చెరువుల పెరుగుదల 0.12. మురికి మైనస్ 0.404. సరస్సు ఆరోగ్యం ప్లస్ 0.21. అదే పార్కు, అవే పైపులు, అదే శుద్ధి ప్లాంటు. ఫలితాన్ని తిప్పింది పార్కు గోడ లోపల లేని విషయం. ఎకో పార్కు ప్రమాణాల చట్రం ఎంత బాగా రాసినా అది ప్రధానంగా గోడ లోపలే చూస్తుంది. కొల్లేరు ప్రాంతంలో అసలు ఆట గోడ బయట ఉంది. తవుడు గొలుసు ఎంత బాగా నడిస్తే చెరువు అంత లాభసాటి అవుతుంది. చెరువు లాభసాటి కావడం సరస్సుకు ఎప్పుడూ శుభవార్త కాదు. గోదావరి జిల్లాల్లో చేపల సాగు పెరిగిన నలభై ఏళ్ల చరిత్ర అంతా దాదాపు ఈ వాక్యమే.

పైన వేసింది ఒక విడత లెక్క. అసలు పటాల్లో బాణాలు తిరిగి వెనక్కి వస్తాయి. సరస్సు చెడితే కొర్రమీను, వాలుగ లాంటి నాటు చేపలు తగ్గుతాయి. వేట తగ్గితే లంక గ్రామాల్లో వేట మీద బతికే వడ్డీ కులపు కుటుంబాలకు తమ జాగా పెట్టుబడిదారుకు లీజుకివ్వడం తప్ప దారి ఉండదు. లీజుకిస్తే ఇంకో చెరువు. ఇంకో చెరువైతే సరస్సు ఇంకొంచెం చెడుతుంది. ఈ వలయం తనను తానే బలపరుచుకుంటుంది. కంప్యూటర్ ఈ గుణకారాన్ని పదేపదే చేస్తుంది. ప్రతిసారీ అంకెలు హద్దు దాటకుండా నొక్కిపెడుతుంది. చివరికి అంకెలు కదలడం మానేసే స్థితికి చేరతాయి. లేదా రెండు మూడు స్థితుల మధ్య ఊగుతూ ఉంటాయి. ఊగడం కూడా ఒక జవాబే. గట్లు కొట్టడం, మళ్లీ లేవడం, మళ్లీ కోర్టు అనే కొల్లేరు చరిత్ర చూసినవాళ్లకు ఆ ఊగుడు కొత్తగా అనిపించదు.

ఇలాంటి సరస్సు మీద ఈ పని నిజంగా జరిగిన చోటు టర్కీలో ఉంది. బుర్సా ప్రాంతంలోని ఉలుఆబాత్ సరస్సు కూడా కొల్లేరులాగే రామ్‌సర్ చిత్తడినేల. 1998లో ఆ జాబితాకెక్కింది. దాని చుట్టూ పరిశ్రమలు, పొలాలు, జాలర్ల ఊళ్లు ఉన్నాయి. ఉయ్గర్ ఒజెస్మి, స్టేసీ ఒజెస్మి అనే పరిశోధకులు అక్కడి స్థానికులు, అధికారులు, స్వచ్ఛంద సంస్థలు లాంటి వర్గాలతో విడివిడిగా పటాలు గీయించి, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చి, కలిపి, సరస్సు నిర్వహణకు వాడేలా 2003లో ప్రచురించారు. మరుసటి ఏడాది అదే జంట ఈ పద్ధతిని అంచెలంచెలుగా వివరిస్తూ రాసిన వ్యాసం పర్యావరణ పరిశోధకులకు చేతిపుస్తకంలా మారింది. అందులో విలువైన సంగతి గణితం కాదు. ఒకే సరస్సుకు వేర్వేరు వర్గాలవాళ్లు గీసిన పటాలు ఒకటిగా ఉండవని, ఆ తేడాను తుడిచేయకుండా లెక్కలోకి తీసుకోవచ్చని చూపడం.

వట్లూరులో ఆ గదిలో ఎవరు కూర్చోవాలన్నది కూడా తేలిక ప్రశ్న కాదు. మిల్లరు, చేపల రైతు, కాలుష్య నియంత్రణ మండలి ఇంజనీరు, అటవీ శాఖ గార్డు వస్తారు. తాడేపల్లిగూడెం నిట్ అధ్యాపకులు వస్తారు. వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం, పెదవేగి పామాయిల్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వస్తారు. పిలిస్తే వచ్చేవాళ్లు వీళ్లు. రొయ్యల తలలు వలిచే షెడ్లలో పనిచేసే ఆడవాళ్లు, చెరువు కాపలా కూలీలు, ఉప్పుటేరు చివర ఉండే జాలర్లు పిలిచినా రారు, రోజు కూలీ పోతుంది. రానివాళ్ల బాణాలు పటంలో ఉండవు. రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేసే మనిషికి ‘వ్యర్థాల సద్వినియోగం’ అంటే ఇంకో షిఫ్టా, ఇంకో జబ్బా, ఇంకో ఆదాయమా? ఆమె చెప్పకపోతే సగటు తీసిన అంకెలో అది సున్నా అవుతుంది. సున్నా అంటే తెలియదని కాదు, ప్రభావం లేదని. ఈ సాధనంలో ఉన్న అతి పెద్ద ప్రమాదం అది. ఇది సాఫ్ట్‌వేర్‌తో తీరదు. పటాలు గీయడానికి మెంటల్ మోడలర్ లాంటి సాధనాలు 2013 నుంచి ఉన్నాయి. ల్యాప్‌టాప్ ఉంటే చాలు. కూలీ డబ్బు ఇచ్చి కూర్చోబెట్టేవాళ్లు కావాలి.

ఈ పద్ధతికి ఇంకా చెప్పుకోవలసిన లోపాలున్నాయి. ఇది ‘ఎటు’ అని చెబుతుంది, ‘ఎంత’ అని చెప్పదు. సరస్సు ప్లస్ 0.21 అంటే ఎన్ని గూడబాతులు, ఎన్ని టన్నుల నాటు చేప అని అడిగితే జవాబు ఉండదు. కాలం కూడా దీనికి తెలియదు. పార్కు నుంచి డ్రెయిన్‌కు ప్రభావం వారంలో రావచ్చు, చెరువులు పెరగడానికి పదేళ్లు పట్టవచ్చు. సాదా పటంలో రెండూ ఒకే అడుగులో నడుస్తాయి. గోదావరి కాలువలు కట్టేసే వేసవికీ, ఉప్పుటేరు ఎదురు పోటెత్తే రోజులకూ తేడా చూపాలంటే పటాన్ని ఋతువుకొకటిగా గీయాలి. అంకెలు అభిప్రాయాలే. ఇద్దరు నిపుణులు ఒకే బాణానికి 0.3 ఒకరు, 0.8 ఒకరు వేస్తారు. అందుకే జాగ్రత్తపరులు ఒక్క జవాబు ప్రకటించరు. అంకెలను అటూ ఇటూ కదిపి, ఏ బాణం మీద ఫలితం తిరగబడుతుందో వెతుకుతారు. మన చిన్న పటంలో అలా తిరగబడేది మేత నుంచి చెరువులకు పోయే బాణం. పరిశోధన డబ్బు ఖర్చు పెట్టవలసింది ఆ బాణాన్ని సరిగ్గా కొలవడానికి. మేత ధర తగ్గినప్పుడల్లా ఏ గ్రామంలో ఎన్ని ఎకరాలు చెరువులుగా మారాయో రెవెన్యూ రికార్డులు, ఉపగ్రహ చిత్రాలు చెప్పగలవు.

తెలియని బాణాల సంగతి మరీ కష్టం. 2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు వన్‌టౌన్ ప్రాంతంలో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోవడం మొదలైంది. ఆరు వందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్ రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయంది. తరవాత పురుగుమందుల అవశేషాల వైపు అనుమానం మళ్లింది. దేశంలోని పెద్ద పెద్ద సంస్థలన్నీ దిగాయి. నీరా, కూరగాయలా, పాలా, ఏ దారిన ఒంట్లోకి వెళ్లిందన్న ప్రశ్న దగ్గర ఊరు చాలాకాలం నిలబడిపోయింది. మెట్ట నుంచి, డెల్టా నుంచి వచ్చే నీళ్లు, పంటలు, రసాయనాలు కలిసే కూడలి ఏలూరు. కృష్ణా కాలువ, గోదావరి కాలువ వచ్చి కలిసేదీ ఇక్కడే. ఇలాంటి చోట ఏదైనా పటం గీస్తే, అందులో ఒక వృత్తం ఖాళీగా వదిలి, దాని చుట్టూ బాణాలు గీయడానికి చోటుంచడం నిజాయితీ.

కలుండ్‌బోర్గ్ నుంచి ఇంకొక సంగతి తెచ్చుకోవాలి. ఆస్నెస్ కేంద్రం కొన్నేళ్ల కిందట బొగ్గు మానేసి చెక్క ముక్కలకు మారింది. వాతావరణానికి మంచిదే. బొగ్గు పొగను కడగకపోతే జిప్సం రాదు. జిప్సం రాకపోతే ప్లాస్టర్ బోర్డు కంపెనీ ఇంకో దారి చూసుకోవాలి. వ్యర్థం మీద ఆధారపడ్డ కొనుగోలుదారుకు ఆ వ్యర్థం ఆగిపోకూడదన్న కోరిక పుడుతుంది. తాడేపల్లిగూడెం తవుడుకూ ఇదే ప్రశ్న వేయవచ్చు. డెల్టాలో వరి విస్తీర్ణం చెరువుల కింద కరిగిపోతూ ఉంటే, ఆ చెరువులకే మేతైన తవుడు ఎక్కడి ధాన్యం నుంచి వస్తుంది? చెరువులు పెరిగినకొద్దీ వాటి మేతకు మూలమైన వరి తగ్గడం పటంలో ఒక మైనస్ బాణం. అది వలయాన్ని కాస్త నెమ్మదింపజేయవచ్చు. లేదా తవుడు ఛత్తీస్‌గఢ్ నుంచో పంజాబ్ నుంచో రైలెక్కి రావచ్చు. అప్పుడు ఆ బాణం చెరిపి పటం అంచు ఇంకొంచెం అవతలికి జరపాలి.

మల్లవల్లి లాంటి వాడల్లో కంపెనీలకు స్థలాలిచ్చే ముందు ఏపీఐఐసీ అడిగే ప్రశ్నలు పెట్టుబడి ఎంత, ఉద్యోగాలు ఎన్ని, నీరు ఎంత, కరెంటు ఎంత. పక్కనే ఒక పటం ఉంటే అయిదో ప్రశ్న కూడా అడగవచ్చు: మీరు వదిలేది ఎవరు కొంటారు, కొన్నవాడు దాంతో ఏ గట్టు మీద ఏం చేస్తాడు? ఆ ప్రశ్నకు జవాబు పరిశ్రమల శాఖ దగ్గర ఉండదు, మత్స్య శాఖ దగ్గర కొంత, అటవీ శాఖ దగ్గర కొంత, నీటిపారుదల శాఖ డ్రెయిన్ల విభాగం దగ్గర కొంత ఉంటుంది. 2022 జిల్లాల విభజన తరవాత తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో, వట్లూరు ఏలూరు జిల్లాలో, మల్లవల్లి కృష్ణా జిల్లాలో ఉన్నాయి. మూడు కలెక్టరేట్లలో ఏదో ఒకటి ముందు కాగితం తీసి మిగతా రెండింటినీ పిలవాలి.